రహస్యమే తాకట్టు: ఉత్తర తెలంగాణలో అప్పు, వెల్లడి, విముక్తి

అప్పును వివరించే గ్రంథాలు సాధారణంగా అసలు, వడ్డీ, గడువు, తాకట్టు అనే నాలుగు అంశాల చుట్టూ తిరుగుతాయి. ఆ అప్పు ఎవరెవరికి తెలుసు, ఎవరికి తెలియకుండా ఉంది అన్న ఐదో ప్రశ్నకు వాటిలో చోటు దొరకడం అరుదు. అయితే ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల గత ఎనభై తొంభై ఏళ్ల రుణచరిత్రను దగ్గరగా పరిశీలిస్తే, ఈ ఐదో ప్రశ్నే మిగిలిన నాలుగింటినీ శాసించిందని, వడ్డీ ఎంత ఉండాలో, గడువు ఎప్పుడు ముగియాలో, చివరకు ఆ అప్పు తీరుతుందో తరతరాలు సాగుతుందో కూడా చాలామేరకు దాని మీదే ఆధారపడిందని తేలుతుంది. అప్పు దాగి ఉన్నచోట అది పెరిగింది. నలుగురిలో చెప్పుకోగలిగిన చోట, చెప్పుకున్న తరువాత దాన్ని తీర్చే మార్గం కూడా దొరికిన చోట, తగ్గింది.

ముల్కనూరు సహకార గ్రామీణ పరపతి, మార్కెటింగ్ సంఘాన్ని 1956లో స్థాపించిన అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి స్మృతికి అంకితమైన ఈ ఉపన్యాసానికి ఇంతకన్నా తగిన విషయం ఉండదు. ఆయన కృషిని గురించి మాట్లాడేవారు ఎక్కువగా సంఘం వ్యాపార పరిమాణాన్ని, గోదాములను, రైసుమిల్లును, విత్తనశుద్ధి కేంద్రాన్ని ప్రస్తావిస్తారు. వాటి కన్నా లోతైన ఫలితం మరొకటి ఉంది: సావుకారు బహీఖాతాలో, అంటే రుణదాత ఇంట్లో ఆయన చేతిరాతతో ఆయన ఒక్కడే చూసుకునే పద్దుపుస్తకంలో, మూసి ఉన్న రైతు అప్పును ఆ సంఘం తీసుకువచ్చి పదిమంది చదవగలిగిన లెక్కల్లో పెట్టింది. ఆ మార్పు విలువ తెలియాలంటే ముందు ఆ మూసి ఉన్న పుస్తకం ఎలా పనిచేసిందో తెలుసుకోవాలి.

జాతీయ నమూనా సర్వే 2019లో, 77వ విడతలో, సేకరించిన వివరాల ప్రకారం తెలంగాణలోని వ్యవసాయ కుటుంబాల్లో 91.7 శాతం అప్పుల్లో ఉన్నాయి. దేశం మొత్తం మీద ఆ నిష్పత్తి 50.2 శాతమే. అంతకు ముందు 2013 సర్వేలోనూ తెలంగాణ అంకె 89.1 శాతం. పది ఇళ్లలో తొమ్మిది ఇళ్లు అప్పుపడి ఉన్న ఊళ్లో అప్పు అనేది వర్షాభావం లాంటి ఉమ్మడి స్థితి కావాలి, రచ్చబండ మీద అందరూ మాట్లాడుకునే విషయం కావాలి. కాని జరుగుతున్నది దానికి పూర్తిగా విరుద్ధం. ప్రతి ఇల్లూ తన అప్పును తనకొక్కదానికే పట్టిన దోషంగా భావించి దాచుకుంటుంది. భర్త భార్యకు చెప్పడు, తండ్రి కొడుక్కి చెప్పడు, అన్న తమ్ముడికి చెప్పడు. ఒక్కో రుణదాతకూ తానొక్కడే ఇచ్చాననిపించేలా జాగ్రత్తగా మాట్లాడతారు. ఉమ్మడి కష్టం వేల ఒంటరి కష్టాలుగా విడిపోవడం వల్ల ఎవరు లాభపడుతున్నారన్నది ఇక్కడ అడగవలసిన ప్రశ్న.

నిజాం కాలపు తెలంగాణలో గింజల అప్పును నాగు అనేవారు. విత్తనాల వేళకో, తిండికి లేని ఆషాఢ శ్రావణాలకో భూస్వామి గాదె నుంచి తెచ్చుకున్న ధాన్యాన్ని కోతలు కాగానే సగం అదనంగా కలిపి కొలిచి ఇవ్వడం దాని పద్ధతి. నాలుగైదు నెలల వాడకానికి నూటికి యాభై చొప్పున వడ్డీ పడినట్టు. కొలత భూస్వామిది, కొలిచేవాడు ఆయన మనిషి, పద్దు ఆయన ఇంట్లోది. ఆ పద్దులో ఏముందో అడిగే హక్కు గాని, చదివే అక్షరం గాని తీసుకున్నవాడికి లేదు. నాగు తీర్చలేని కుటుంబం భగేలా ఒప్పందంలోకి జారేది. అంటే చిన్న మొత్తానికి ఒక మనిషి తన పనినంతా తాకట్టు పెట్టి, ఆ అప్పు తీరేదాకా ఆసామి ఇంట జీతానికుండడం. తీరేదాకా అన్న మాటకు అర్థం లెక్క ఎవరి చేతిలో ఉందో వారే నిర్ణయించేవారు కనుక తండ్రి తీర్చని అప్పుకు కొడుకు జీతానికి రావడం సహజమైపోయింది. నిజాం ప్రభుత్వం భగేలా ఒప్పందాలను నియంత్రించే నిబంధనలు చేసినా వాటి బలం కాగితం దాటలేదు. దేశవ్యాప్తంగా వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో గాని రాలేదు.

ఆదిలాబాద్ అడవి గ్రామాల్లో ఈ చీకటి మరింత చిక్కగా ఉండేది. 1940లో జోడేఘాట్ వద్ద కుమ్రం భీమ్ నేలకొరిగిన తరువాత గోండుల స్థితిగతులను పరిశీలించడానికి నిజాం ప్రభుత్వం నియోగించిన మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ భూమి పోవడానికీ అప్పుకూ ఉన్న సంబంధాన్ని స్పష్టంగా గుర్తించాడు. బయటి నుంచి వచ్చిన వ్యాపారి ఉప్పు, గుడ్డ, విత్తనం అప్పుగా ఇచ్చి పంటను కల్లంలోనే తన ధరకు తీసుకునేవాడు. లెక్క మరాఠీలోనో ఉర్దూలోనో తెలుగులోనో ఉండేది తప్ప గోండు రైతు మాట్లాడే భాషలో కాదు. చివరకు వేలిముద్ర పడిన కాగితం మీద భూమి మారిపోయేది. 1943లో మార్లవాయిలో గోండీ ఉపాధ్యాయుల శిక్షణకేంద్రం మొదలైనప్పుడు దాని ప్రయోజనాన్ని విద్యావ్యాప్తి దృష్టితోనే చూడడం సరిపోదు. ఊళ్లో ఒక్క పిల్లవాడు అంకెలు చదవగలిగితే వ్యాపారి చెప్పిన బాకీని పది ఇళ్లవాళ్లు సరిచూసుకునే వీలు కలుగుతుంది. అక్షరం అప్పును బయటికి తీసే తొలి సాధనంగా పనిచేసిన సందర్భం అది. తరువాత 1960లో షెడ్యూల్డ్ ప్రాంతాలకు వర్తించే వడ్డీ వ్యాపారుల నియంత్రణ నిబంధనలు వచ్చినా, భూమి బదలాయింపుపై 1959 నాటి నిబంధన 1970లో కఠినమైనా, చెప్పుకోని అప్పు, రాయించుకోని అప్పు వాటి వలలో పడలేదు.

నాగు పోయి నోటు వచ్చినప్పుడు రహస్యం రూపం మారింది. తెలంగాణలో వడ్డీని మిత్తి అంటారు, దాన్ని నెలకు నూటికి ఇన్ని రూపాయలని చెబుతారు. రెండు రూపాయల మిత్తి అంటే సంవత్సరానికి నూటికి 24, మూడు రూపాయలంటే 36. నెలవారీగా చెప్పినప్పుడు రెండు అనే అంకె చిన్నదిగా వినిపిస్తుంది, అదే ఏడాదికి లెక్కగట్టి చెబితే బ్యాంకు పంటరుణంతో పోల్చే ఆలోచన పుడుతుంది. మూడు లక్షల లోపు పంటరుణం 7 శాతానికి దొరుకుతుంది, గడువులోపు కట్టినవారికి అది 4 శాతానికి దిగుతుంది. ప్రామిసరీ నోటు, అంటే అడిగినప్పుడు చెల్లిస్తానని సంతకం చేసి ఇచ్చే పత్రం, సాధారణంగా మూడేళ్లకు కాలపరిమితి దాటుతుంది కనుక ఆ లోపు దాన్ని తిరగరాయించుకోవడం రుణదాతల అలవాటు. తిరగరాసేటప్పుడు పేరుకున్న మిత్తి అసలులో కలుస్తుంది. లక్ష రూపాయలు రెండు రూపాయల మిత్తికి తీసుకున్నవాడు ఏమీ కట్టలేకపోతే మూడేళ్లకు కొత్త నోటు మీద 1,72,000 రూపాయల అసలుంటుంది, మరో మూడేళ్లకు అది 2,95,840 అవుతుంది. మూడు రూపాయల మిత్తి అయితే ఆరేళ్లలో లక్ష 4,32,640గా మారుతుంది. రెండో నోటు రాసిన నాటి నుంచి చూసేవారికి అతడు లక్షా డెబ్బైరెండు వేలు తీసుకున్నట్టే కనిపిస్తుంది. చేతికి వచ్చింది లక్షే అన్న సత్యం ఇద్దరికే తెలుసు, ఆ ఇద్దరిలో ఒకరికి అది చెప్పాల్సిన అవసరం లేదు, మరొకరికి చెప్పే ధైర్యం లేదు. మధ్యలో కట్టిన మొత్తాన్ని నోటు వెనుక రాయించుకోవడాన్ని చెల్లు రాయించడమంటారు. సాక్షి లేకుండా, భార్యకు తెలియకుండా, రాత్రివేళ వెళ్లి కట్టివచ్చిన డబ్బుకు చెల్లు రాయమని అడిగేవారు తక్కువ. అందువల్ల గుట్టుగా కట్టిన అప్పు కట్టినా కట్టనట్టే మిగిలిన సందర్భాలకు కొదవలేదు.

సిరిసిల్లలో ఈ కథ మగ్గం మీద నడిచింది. అక్కడ మరమగ్గాన్ని సాంచె అంటారు. కొన్ని సాంచెలు సొంతంగా ఉండి, పెద్ద యజమాని వద్ద నూలు తెచ్చుకుని గుడ్డ నేసి ఇచ్చే చిన్న ఉత్పత్తిదారు అసామి. అతని సాంచెల మీద కూలికి నేసేవాడు కార్మికుడు. ముగ్గురినీ కలిపేది ముందుగా ఇచ్చిన డబ్బు. కార్మికుడు అసామికి, అసామి యజమానికి, యజమాని నూలు వ్యాపారికి బాకీపడి ఉండడం వల్ల గుడ్డ ధర ఎక్కడో పడిపోయినప్పుడు ఆ బరువు కిందికి దిగుతూ చివరివాడి కూలి మీద ఆగేది. 1990ల చివరి నుంచి ఆ పట్టణంలో నేత కార్మికుల ఆత్మహత్యలు రాష్ట్రమంతటినీ కలచివేశాయి. కూలి సరిపోని వారాల్లో ఇల్లు నడిచింది మహిళలు చుట్టిన బీడీల మీద, తరువాత గిరిగిరి అనే రోజువారీ అప్పుల మీద. ఈ తరహా అప్పుల్లో సాధారణమైన ఒక పద్ధతి ప్రకారం పదివేల రూపాయల పేరు మీద తొమ్మిదివేలే చేతికిచ్చి, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తారు. వడ్డీ వెయ్యే కదా అనిపిస్తుంది. కాని రోజూ అసలు తగ్గిపోతూ ఉన్నందువల్ల ఆ వంద రోజుల్లో సగటున తీసుకున్నవాడి దగ్గర నిలిచింది నాలుగున్నర వేలకు అటూ ఇటూ మాత్రమే, ఆ లెక్కన ఏడాదికి వడ్డీ నూటికి ఎనభై చేరుతుంది. 2017 నుంచి బతుకమ్మ చీరల ప్రభుత్వ ఆర్డర్లు కొన్నేళ్లు పని కల్పించినప్పుడు అప్పు తగ్గిన ఇళ్లున్నాయంటే, నేతన్న ఎగవేతదారు కాడని, పని ఉంటే కడతాడని అర్థం చేసుకోవడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

జగిత్యాల, సిరిసిల్ల, కోరుట్ల, నిర్మల్ ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్లినవారి అప్పు మరో తరహాది. చట్టం ప్రకారం నమోదైన నియామక ఏజెంటు తీసుకోదగిన రుసుము 30,000 రూపాయలు, దాని మీద పన్ను. కాని ఊళ్లోని ఉప ఏజెంటు చేతిలో ఆ మొత్తం అనేక రెట్లవుతుంది, అదంతా రెండు మూడు రూపాయల మిత్తికి తెచ్చిందే అవుతుంది. దుబాయికో కువైట్‌కో చేరినవాడు చెప్పిన జీతానికీ వచ్చిన జీతానికీ తేడా ఉందని ఇంటికి చెప్పడు. ఇంట్లోవాళ్లు ఊళ్లో మిత్తి పెరుగుతోందని అతడికి చెప్పరు. ఇద్దరూ ఒకరినొకరు కాపాడుకోవాలన్న ప్రేమతోనే దాస్తారు, ఆ దాపరికం వల్లనే అతడు ఒక ఏడాది ముందుగా రావలసిన నిర్ణయానికి రెండేళ్లు ఆలస్యంగా వస్తాడు. నిందించడానికి వీల్లేని దాపరికం ఇది. అయినా దాని ఖరీదు మాత్రం మిగతా దాపరికాల ఖరీదుతో సమానం.

అప్పు తీర్చే క్రమాన్ని గమనించినప్పుడు రహస్యం చేసే నష్టం పూర్తిగా బయటపడుతుంది. లెక్క ప్రకారం ఎక్కువ వడ్డీ ఉన్న అప్పును ముందుగా, తక్కువ వడ్డీ ఉన్నదాన్ని చివరగా తీర్చాలి. జరిగేది అది కాదు. పత్తి అమ్మిన డబ్బు చేతికి రాగానే ముందుగా ముట్టేది గడప ముందుకు వచ్చి గొంతు పెంచగలిగినవాడికి. అతడి వడ్డీ తక్కువైనా సరే. పెద్ద వడ్డీవాడు మర్యాదగా ఊరుకుంటే అతడి బాకీ పెరుగుతూనే ఉంటుంది. ఒకరికి కట్టడానికి మరొకరి దగ్గర తేవడం, బ్యాంకు పంటరుణాన్ని రెన్యువల్ చేయించుకోవడానికి, అంటే పాతది కట్టి అదే రోజుల్లో కొత్తది తీసుకోవడానికి, వారం పది రోజులకు ప్రైవేటు అప్పు తేవడం, ఆ వారానికే వేలల్లో మిత్తి పోవడం, ఇవన్నీ ఒక్క కాగితం మీద రాసుకుంటే ఏ రైతుకైనా క్షణంలో అర్థమయ్యే నష్టాలు. ఆ కాగితం రాయకపోవడానికి కారణం చదువు లేకపోవడం కాదు; అది ఎవరి కంటైనా పడుతుందన్న భయం. ఇజ్జత్ పోతుందన్న ఆ భయాన్నే రుణదాత వాడుకుంటాడు కనుక భూమి కాగితాలు గాని బంగారం గాని పెట్టని అప్పుకు నిజమైన తాకట్టు రహస్యమే.

ఈ మాటకు ఇటీవలి కాలంలో కఠోరమైన రుజువు సెల్‌ఫోన్ అప్పుల యాప్‌లు ఇచ్చాయి. 2020 చివరలో తెలంగాణలో వరుసగా ఆత్మహత్యలు బయటపడినప్పుడు ఆ యాప్‌ల పద్ధతి లోకానికి తెలిసింది: అప్పు ఇచ్చేముందే ఫోన్‌లోని పేర్లు, నంబర్లన్నీ తీసుకుని, గడువు దాటగానే బంధువులకు, స్నేహితులకు, తోటి ఉద్యోగులకు ఇతడు దొంగ అని సందేశాలు పంపడం. వాటికి భూమి అక్కర్లేదు, జామీను అక్కర్లేదు, మనిషి గుట్టు ఒక్కటి చాలు. రిజర్వు బ్యాంకు 2022లో డిజిటల్ రుణాలపై మార్గదర్శకాలు తెచ్చి ఆ నంబర్ల జాబితాను తాకకూడదని చెప్పింది. ఇంట్లో నలుగురికి తన అప్పు గురించి ముందే చెప్పుకున్న మనిషి మీద అలాంటి సందేశానికి సగం బలం ముందే పోతుంది.

అయితే బయటపడడం వేరు, బయటపెట్టుకోవడం వేరు. ఈ తేడాను విస్మరించినందువల్ల జరిగిన నష్టానికి సూక్ష్మరుణ సంస్థల చరిత్ర సాక్ష్యం. ఆ సంస్థల వారపు సమావేశాల్లో ప్రతి మహిళ అప్పూ అందరికీ తెలుసు, అందరూ కూర్చునే కట్టేవారు. పైకి చూస్తే అంతకన్నా బహిరంగమైన వ్యవస్థ లేదు. కాని ఒకరు కట్టలేకపోతే మిగతావారు కట్టాలన్న ఉమ్మడి బాధ్యత పేరుతో, తోటి మహిళలనే వసూలుదార్లుగా మార్చి, కట్టనివారి ఇంటి ముందు కూర్చోబెట్టడం వల్ల ఆ బహిరంగత అవమానంగా మారింది. ఒక సంస్థ వాయిదా కోసం మరో సంస్థలో చేరి నాలుగైదు చోట్ల అప్పులైన మహిళల ఆత్మహత్యల తరువాత ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 2010 అక్టోబరులో ఆర్డినెన్సు, తరువాత చట్టం తెచ్చింది. వడ్డీ మొత్తం అసలును మించకూడదని, వసూళ్లు ఇంటి గడపలో గాక గ్రామపంచాయతీ కార్యాలయం వంటి చోట జరగాలని, ఒక అప్పు ఉండగా మరొకటి ఇవ్వాలంటే అధికారి అనుమతి ఉండాలని అందులో ఉంది. రిజర్వు బ్యాంకు పర్యవేక్షణలో ఉన్న సంస్థలకు ఆ చట్టం వర్తించదని తెలంగాణ హైకోర్టు 2023లో తీర్పునిచ్చింది. చట్టం పరిధి ఏదైనా దాని వెనుక ఉన్న ఆలోచన విలువైనదే: లెక్క బహిరంగంగా ఉండాలి, మనిషి పరువు కాదు.

ముల్కనూరు వైపు మళ్లీ చూడాల్సింది ఇక్కడే. అఖిల భారత గ్రామీణ పరపతి సర్వే 1951-52లో తేల్చిన లెక్క ప్రకారం దేశంలోని రైతుల అప్పులో సహకార సంఘాల వాటా 3.1 శాతం మాత్రమే, దాదాపు డెబ్బై శాతం వడ్డీ వ్యాపారులదే. సర్వే నివేదిక వెలువడిన రెండేళ్లకు, అప్పటి కరీంనగర్ జిల్లాలో, నేడు హన్మకొండ జిల్లా భీమదేవరపల్లి మండలంలో చేరిన ముల్కనూరులో, చుట్టూ ఉన్న 14 గ్రామాల రైతులతో ఆ సంఘం మొదలైంది. అప్పును పంటతో ముడిపెట్టడం అక్కడి ముఖ్య నిర్ణయం. విత్తనం, ఎరువు, నగదు అప్పుగా ఇచ్చిన సంఘమే పంటను తీసుకుని అమ్మిపెట్టి, వచ్చిన డబ్బులో బాకీ మినహాయించి మిగిలింది రైతుకు ఇస్తుంది. వినడానికి వ్యాపారి చేసేదీ ఇదే. ఎరువులు అప్పుగా ఇచ్చి పంటను తనకే అమ్మాలని షరతు పెట్టే అడ్తిదారు, అంటే మార్కెట్లో కమీషన్ మీద కొనుగోలు నడిపే మధ్యవర్తి, ఇదే పని చేస్తాడు. తేడా అంతా లెక్క ఎవరి ముందు తెరుస్తారన్న దానిలో ఉంది. సంఘం లెక్కలు తనిఖీకి వెళతాయి, సర్వసభ్య సమావేశం ముందుకు వస్తాయి, తూకం మీద అనుమానం వస్తే నిలదీసే హక్కు సభ్యుడికి ఉంది, మిగులు బోనసుగా తిరిగి అతడికే చేరుతుంది. అప్పుపడడం అక్కడ తలదించుకునే విషయం కాలేదు. సభ్యత్వంలో అది ఒక భాగమైంది. తీర్చడమూ అంతే సాధారణమైంది.

ఆ దారిలోనే 1990ల నుంచి కరీంనగర్, వరంగల్ జిల్లాల్లో సహవికాస, అంటే సహకార అభివృద్ధి సంస్థ, చేయూతతో మహిళల పొదుపు సంఘాలు వేలాది సభ్యులతో విస్తరించాయి. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం ప్రభుత్వ వాటా, ప్రభుత్వ జోక్యం లేకుండా నడిచే సంఘాలకు చట్టబద్ధత ఇచ్చింది; 2000లో మొదలైన ముల్కనూరు మహిళా సహకార డెయిరీ కూడా ఆ చట్టం నీడలోనే నిలిచింది. పొదుపు సంఘాల నెలవారీ సమావేశాల్లో ఎవరు ఎంత దాచారో, ఎవరికి ఎంత అప్పుందో, ఎవరు వాయిదా తప్పారో పైకి చదువుతారు. సూక్ష్మరుణ సమావేశంలోనూ చదివేది అదే కదా అనిపించవచ్చు. కాని ఇక్కడ అప్పుగా వెళ్లే డబ్బు సభ్యులు దాచుకున్నదే, వడ్డీరేటు వారు నిర్ణయించుకున్నదే, వాయిదా తప్పిన మహిళ వచ్చే నెల మరొకరి లెక్క వినే స్థానంలో కూర్చుంటుంది. అందరూ ఇచ్చేవారూ, అందరూ తీసుకునేవారూ అయినప్పుడు అవమానించే అధికారం ఎవరికీ మిగలదు. మరో ఏర్పాటు కూడా ఉంది: అప్పు ఉండగా సభ్యురాలు మరణిస్తే ఆ బాకీ పిల్లల మీద పడకుండా సభ్యులందరి జమలతో నడిచే నిధి దాన్ని తీరుస్తుంది. భగేలా చరిత్ర తెలిసిన నేల మీద తండ్రి అప్పు కొడుక్కి రాదని ఒక మహిళాసంఘం తన సొంత డబ్బుతో హామీ ఇవ్వడం ఎంత పెద్ద విషయమో ఈ ప్రాంత చరిత్రకారులు ఇంకా సరిగా రాయలేదు.

ఇలాంటి ఆలోచన మరో సమాజంలో, మరో కారణంతో కూడా పుట్టింది. అమెరికాలో 1976లో ఏర్పడిన డెటర్స్ అనానిమస్ అనే సంఘంలో అప్పులపాలైనవారు తమలాంటి వారి ముందు తమ బాకీలను చెప్పుకుంటారు. అనుభవమున్న ఇద్దరు సభ్యులు కొత్తవారితో కూర్చుని వచ్చేదీ పోయేదీ రాయించి, బతకడానికి కావలసింది ముందుగా పక్కన పెట్టి, మిగిలినదానిలో ఎవరికి ఎంత కట్టగలరో తేల్చి, ఆ మాటను రుణదాతలకు స్వయంగా చెప్పేలా సాయపడతారు. అక్కడి అప్పులు ఎక్కువగా ఖర్చుల వల్ల వచ్చినవి, ఇక్కడివి ఎక్కువగా సాగు, వైద్యం, పెళ్లి, వీసాల వల్ల వచ్చినవి కనుక ఆ పద్ధతిని యథాతథంగా తేవడం కుదరదు. కాని తిండి, బడి, మందుల ఖర్చు ముందు తీసి మిగిలినదే అప్పుకు కేటాయించాలన్న క్రమం ఇక్కడి రైతు ఇంటికి మరింత అవసరం. ఎందుకంటే భయంతో కట్టే రైతు ముందు విత్తనపు డబ్బు కట్టేసి, తరువాత విత్తనానికి మళ్లీ అప్పు తెస్తాడు.

ఆదిలాబాద్‌లో చెప్పుకునే చోటు కల్పించే ప్రయత్నం ప్రభుత్వం వైపు నుంచీ జరిగింది. వికారాబాద్ జిల్లాలో 2017లో మొదలైన కిసాన్ మిత్ర సహాయవాణి తరువాత ఆదిలాబాద్, మంచిర్యాల జిల్లాలకు వచ్చింది. ఫోన్ చేసిన రైతు చెప్పిన కష్టాన్ని, అందులో అప్పు కష్టాన్ని కూడా, విని, సంబంధిత శాఖకు చేర్చి, పరిష్కారమయ్యేదాకా వెంటపడడం దాని పని. పరిచయం లేని గొంతుకు చెప్పడం తమ్ముడికి చెప్పడం కన్నా సులువని అలాంటి సేవలు నడిపేవారికి తెలుసు. తొలిమాట బయటికి రావడమే కష్టం, వచ్చిన తరువాత రెండోమాట ఇంట్లోనే వస్తుంది.

రహస్యానికి అంతిమ మూల్యం చెల్లించేది వెనుక మిగిలినవారు. 2004లో వచ్చిన 421వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి లక్ష రూపాయలు, అప్పుల పరిష్కారానికి మరో 50 వేలు ఇచ్చింది. తెలంగాణ ప్రభుత్వం 2015లో దాన్ని మొత్తం ఆరు లక్షలకు పెంచింది. అయితే డివిజన్ స్థాయి అధికారుల కమిటీ ముందు మరణానికి అప్పే కారణమని నిరూపించాలి. నోటు రుణదాత దగ్గర ఉంటుంది, నోటిమాట అప్పుకు నోటే ఉండదు, కౌలుకు తీసుకున్నట్టు కాగితం ఉండదు, ఎవరెవరికి ఎంతివ్వాలో భార్యకు దశదినకర్మ నాడు ఇంటికి వచ్చినవారు చెబితేనే తెలుస్తుంది. ఆమె రెండు చోట్ల ఓడిపోతుంది: కమిటీ ముందు ఆ అప్పు ఉన్నట్టు చూపలేదు, రుణదాత ముందు లేనట్టు చూపలేదు. 2018 ఆగస్టు నుంచి అమలులోకి వచ్చిన రైతుబీమా, మరణానికి కారణం ఏదైనా ఐదు లక్షలు ఇవ్వడం ద్వారా ఆ నిరూపణ భారాన్ని తొలగించింది, అది గొప్ప మేలు. కాని పట్టాదారుకే వర్తించినందువల్ల కౌలు రైతు ఇల్లు పాత స్థితిలోనే ఉండిపోయింది.

రుణమాఫీలకూ ఇదే హద్దు. 2014లో లక్ష వరకు, 2024లో రెండు లక్షల వరకు తెలంగాణలో జరిగిన మాఫీలు బ్యాంకుల్లో రాసి ఉన్న అప్పును చూడగలిగాయి, సావుకారు దగ్గరున్న అప్పును చూడలేకపోయాయి. మాఫీ తప్పని చెప్పడం దీని ఉద్దేశం కాదు. పత్తికి పెట్టిన పెట్టుబడి తిరిగి రాని ఏడాది ఎంత నిజాయితీగా చెప్పుకున్నా, ఎంత శ్రమించినా అప్పు తీరదు. అలాంటి రైతును క్రమశిక్షణ నేర్చుకోమనడం అన్యాయం. సుప్రీంకోర్టు 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో కట్టే శక్తి లేనివాడిని కట్టలేదన్న ఒక్క కారణంతో జైల్లో పెట్టరాదని చెప్పింది. పేదరికం వల్ల తీరని అప్పు నేరం కాదన్న మాటను అత్యున్నత న్యాయస్థానం ఒప్పుకున్నా, ఊరి నోట అది ఇంకా నేరంగానే వినిపిస్తోంది.

వెల్లడించే బాధ్యత అప్పు తీసుకున్నవాడి మీదే మోపడం వల్ల సగం పని మిగిలిపోతోంది. హైదరాబాద్ రాజ్యంలో 1349 ఫస్లీలో, అంటే 1939-40లో, చేసిన వడ్డీ వ్యాపారుల చట్టం తరువాత తెలంగాణ ప్రాంతానికి కొనసాగింది. లైసెన్సు లేకుండా వడ్డీ వ్యాపారం చేయరాదని, రుణదాత లెక్కలు రాసి ఉంచాలని దాని సారం. ఎనభై ఏళ్లు దాటిన ఆ చట్టాన్ని అమలు చేస్తే ఇవాళ కరీంనగర్‌లో, మంచిర్యాలలో, గోదావరిఖనిలో నడుస్తున్న వ్యాపారంలో ఎంత భాగం వెలుగులోకి రావాలో ఊహించవచ్చు. అలాగే చిన్న రైతులు, వ్యవసాయ కూలీలు, గ్రామీణ చేతివృత్తులవారి కోసం 2016లో తెచ్చిన రుణ విమోచన కమిషన్ చట్టం ప్రైవేటు అప్పును కూడా ఒక వేదిక ముందుకు తెచ్చే వీలు కల్పించింది. ఆ వేదిక హైదరాబాద్‌లో కూర్చుంటే బోథ్, ఇంద్రవెల్లి, బెజ్జూరు రైతులకు అది ఉన్నట్టు కూడా తెలియదు. పంట అమ్మకాలు ముగిసే ఫిబ్రవరి, మార్చి నెలల్లో మండల కేంద్రాల్లో విచారణలు జరిపి, నోటు లేని అప్పుకు ఇరుగుపొరుగు సాక్ష్యాన్ని అంగీకరించి, కట్టిన మిత్తిని లెక్కలోకి తీసుకుని, మిగిలినదానికి వాయిదాలు తేల్చి, ఆ కాగితం ఒక ప్రతి భార్య చేతికి కూడా ఇచ్చే పద్ధతి పెట్టాలి. కౌలు రైతును గుర్తించే 2011 నాటి సాగుదారుల చట్టాన్ని తిరిగి పనిలోకి తేవడం దానికి ముందు జరగవలసిన పని. ఎందుకంటే సాగు చేస్తున్నట్టే చెప్పుకోలేని మనిషి ఆ సాగుకు చేసిన అప్పును ఏ కమిషన్ ముందూ చెప్పుకోలేడు.